మెయిన్ పడటం మానేసిన బోర్డు

మా పెద్దమ్మను ఆ చుట్టుపక్కల అందరూ పిరికి మేస్త్రి అనేవాళ్లు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడా పలికేది. ముప్పై ఏళ్లుగా వైరింగ్ పని చేస్తున్న మనిషికి అది మెప్పో వెక్కిరింతో మాకు చిన్నప్పుడు తెలిసేది కాదు. ఒక చిన్న స్విచ్చు మార్చాలన్నా ముందు మెయిన్ ఆపి, అక్కడ తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని, టెస్టర్ పెట్టి చూసేది. ఆ టెస్టర్ అసలు పనిచేస్తోందా లేదా అని పక్కింటికి వెళ్లి వాళ్ల ప్లగ్గులో పెట్టి చూసి, మళ్లీ వచ్చి ఇంకోసారి చూసేది. ఈలోగా ఇంటివాళ్లు ఇచ్చిన టీ చల్లారి మీగడ కట్టేది.

ఆ భయం ఆవిడకు మేనమామ దగ్గర అబ్బింది. పని నేర్పింది ఆయనే. ఒకసారి ఏదో మిల్లులో మెయిన్ ఆపి ఆయన తీగ పట్టుకున్నాడు. మిల్లువాళ్లు వెనక షెడ్డులో జనరేటర్ వేశారు. ఆ కరెంటు వెనకదారిన వచ్చి ఆయన కుడి చెయ్యి పట్టుకుంది. ప్రాణం దక్కింది గానీ ఆ చేతిలో మూడు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. అప్పటికి పెద్దమ్మకు ఇరవై రెండేళ్లు. నిచ్చెన పట్టుకుని కిందే ఉంది. మామయ్య కేక వెయ్యలేదట. వేద్దామన్నా నోరు తెరుచుకోలేదట. ఆ సంగతి ఎప్పుడు చెప్పినా పెద్దమ్మ తన కుడి చెయ్యి ఎడమ చేత్తో పట్టుకునేది.

నేను చెప్పబోయేది ఆవిడకు యాభై రెండేళ్లప్పుడు జరిగింది. అమ్మా, నేనూ ఒకే బట్టల యూనిట్లో పనిచేసేవాళ్లం. పాత రేకుల షెడ్డు. నలభై రెండు మంది కూర్చుని చొక్కాలు కుట్టేవాళ్లం. అమ్మ కాలర్లు కుడుతుంది, నేను బొత్తాల బల్ల దగ్గర. లోపలికి రావడానికీ పోవడానికీ ఒకటే తలుపు. దాని పక్కనే గోడకు కరెంటు బోర్డు, నిలువెత్తు ఇనప బీరువాలా ఉంటుంది. దాని పక్కనే అమ్మ మిషను. గాలి బాగా వస్తుందని అమ్మ ఏరికోరి ఆ చోటు అడిగి మరీ తీసుకుంది. వెనకవైపు ఒక షట్టర్ ఉండేది గానీ, దానికి అడ్డంగా గుడ్డ బేళ్లు పేర్చేసి ఏళ్లయింది.

షెడ్డు పైకప్పు మీద సోలార్ పలకలు ఉండేవి. వాటి నుంచి వచ్చే కరెంటును మిషన్లకు పనికొచ్చేలా మార్చే పెట్టెలు, అంటే ఇన్వర్టర్లు, బయటి గోడకు రెండు ఉండేవి. మొదటిది ఎవరో సోలార్ ఆయన పెట్టి వెళ్లాడు. రెండోది రెండేళ్ల కిందట పెట్టారు, దాన్ని బోర్డుకు కలిపింది పెద్దమ్మే. ఇప్పుడు ఓనరు మూడోది కొన్నాడు. అది కూడా కలపమని కబురు పెడితే పెద్దమ్మ చూడటానికి వచ్చింది.

ఆ రోజు ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు. పదకొండున్నర అయ్యుంటుంది. పెద్దమ్మ సంచి దించి బోర్డు ముందు నిలబడింది. అమ్మ మిషను ఆపకుండానే తల తిప్పి నవ్వింది.

"మూడోది కూడా పెట్టెయ్యవే అక్కా. రెండోది పెట్టిన దగ్గర్నుంచి మెయిన్ పడటమే మానేసింది. ఇదివరకు రోజూ రెండుసార్లు పడేది, చీకట్లో కూర్చునేవాళ్లం. అంతా నీ చేతి చలవ."

పెద్దమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

"ఏంటీ?"

"అదే, మెయిన్ పడట్లేదు అంటున్నా."

"ఈ మధ్య లోపల ఏమైనా కొత్తవి పెట్టారా?"

"ఇస్త్రీవైపు చూడు. ఆవిరి పెట్టెలు పన్నెండు తెచ్చారు. బాబాయి ఇప్పుడు దొరలా తిరుగుతున్నాడు."

ఇస్త్రీ బాబాయి అక్కణ్ణుంచే చెయ్యి ఊపాడు. ఆయన ఎవరికీ బాబాయి కాదు, అందరికీ బాబాయే. "రండి మేస్త్రమ్మా, ఈ పెట్టెలు చూస్తే మీకు భయమేస్తుంది. పొగలు కక్కుతున్నాయి," అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

పెద్దమ్మ నవ్వలేదు. బోర్డు తలుపు మీద అరచెయ్యి ఆనించింది. పసిపిల్లకు జ్వరం వచ్చిందేమోనని చూసినట్టు చూసింది. చెయ్యి తీసి, రెండో చెయ్యి ఆనించింది. నేను బల్ల దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను.

ఆవిడకు ఆ క్షణంలో ఏం తట్టిందో తర్వాత నాకు కాగితం మీద గీసి చెప్పింది. బోర్డు లోపల రాగి పట్టీలు ఉంటాయి. బయటి కరెంటు మెయిన్ బ్రేకర్ దాటి ఆ పట్టీల మీదకు వస్తుంది, అక్కడి నుంచి మిషన్లకూ ఫ్యాన్లకూ పంచుకుంటుంది. ఆ పట్టీలు వంద ఆంప్స్ మోయడానికి చేసినవి. మెయిన్ బ్రేకర్ కూడా వందదే. లోపల వాడకం బాగా ఎక్కువైతే మెయిన్ పడిపోతుంది, అందరూ విసుక్కుంటారు, పట్టీలు మాత్రం బతుకుతాయి. ఇప్పుడు అదే పట్టీల మీదకు రెండు ఇన్వర్టర్లు వేరే దారిన కరెంటు తెచ్చి పోస్తున్నాయి. మెయిన్ దగ్గరున్న కాపలావాడు తన గుమ్మంలోంచి వచ్చేవాళ్లనే లెక్కపెడతాడు. పక్క గుమ్మాల్లోంచి ఎంతమంది దూరారో వాడికి తెలియదు. ఏ గుమ్మం దగ్గరా లెక్క తప్పదు, లోపల మాత్రం జనం ఒకరి మీద ఒకరు పడి నలిగిపోతుంటారు. మెయిన్ పడటం మానేసిందంటే వాడకం తగ్గి కాదు. ఆపేవాడు లేడు గనక.

ఇంకోటి కూడా ఉంది. ఇన్వర్టర్ల దారులు పట్టీకి ఆ చివరన, మెయిన్‌కు ఎదురు కొసన పెట్టి ఉంటే రెండు వైపుల నుంచి వచ్చింది మధ్యలో పంచుకునేది, ఏ ఒక్క చోటా అంత బరువు పడేది కాదు. మొదటాయన మెయిన్ పక్కనే పెట్టాడు. పెద్దమ్మ దాని కిందనే పెట్టింది. అక్కడ ఖాళీ ఉందని. అప్పుడే ఆవిడకు మనసులో ఏదో ములుక్కుమంది. అడిగింది కూడా. "అందరూ ఇలాగే పెడుతున్నారమ్మా," అన్నాడు రెండోదాన్ని తెచ్చిన సోలార్ ఆయన. "ఈ పిరికి మేస్త్రితో ఈ ఏడు పని అవుతుందా?" అన్నాడు ఓనరు నవ్వుతూ. ముప్పై ఏళ్లలో ఆ ఒక్కరోజు ఆవిడకు ఆ పేరు చురుక్కుమని తగిలిందట. సరేలే అని కలిపేసి, కాగితం మీద సంతకం పెట్టింది.

ఇప్పుడు సంచిలోంచి క్లాంప్ మీటర్ తీసింది. తీగకు పట్టకారులా తగిలిస్తే ఎంత కరెంటు పోతోందో చెప్పే మీటరు అది. బోర్డు పైన మూడు పెద్ద కేబుళ్లు లోపలికి దిగేచోట, ఇనప పెట్టె విప్పకుండానే ఒక్కొక్కదానికీ తగిలించి చూసింది. మెయిన్ నుంచి డెబ్భై ఎనిమిది. మొదటి ఇన్వర్టర్ నుంచి ఇరవై ఎనిమిది. రెండోదాని నుంచి ఇరవై ఎనిమిది. పెదాలు కదిలాయి. నూట ముప్పై నాలుగు.

సరిగ్గా అప్పుడే బోర్డు లోపల్నుంచి చిటుక్కుమంది. ఎండిన పుల్ల విరిగినట్టు. మిషన్ల మోతలో దూరంగా ఉన్నవాళ్లెవరికీ వినబడలేదు. నాకు కూడా వినబడలేదు. అమ్మకు వినబడింది.

"అప్పుడప్పుడు అలా అంటూ ఉంటుందే," అంది అమ్మ. "బల్లులేమో."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచి."

పెద్దమ్మ బోర్డుకు ఇటువైపు చూసింది. దాని కింద గుడ్డ ముక్కల గుట్ట. పక్కన అమ్మ. ఆ పక్కన తలుపు. అది అంటుకుంటే నలభై రెండు మందీ ఆ మంట పక్కనుంచే బయటికి పోవాలి.

ఆవిడ అరవలేదు. మెల్లగా నడుచుకుంటూ ఇస్త్రీ బాబాయి దగ్గరికి వెళ్లి, చెవి దగ్గర చెప్పింది.

"బాబాయ్, పెట్టెలు ఆపెయ్. ఒక్కొక్కటే ఆపు, అన్నీ ఒకేసారి వద్దు. కంగారు పడుతున్నట్టు కనబడకు."

ఆయన ఏదో హాస్యం ఆడబోయాడు. ఆవిడ ముఖం చూసి మింగేశాడు. ఒక్కొక్క పెట్టే చల్లబడుతుంటే, పెద్దమ్మ నా దగ్గరికి వచ్చింది.

"వెనక షట్టర్ తెరుచుకుంటుందా?"

"తెలీదు పెద్దమ్మా. ఎప్పుడూ తియ్యలేదు. ఏమైంది?"

"బేళ్లు పక్కకు లాగాలి. నలుగుర్ని పిలువు. ఓనరు చెప్పాడని చెప్పు."

నలుగుర్ని కాదు, ఎనిమిది మందిని పిలిచాను. బేళ్లు తడిసిన ఎద్దుల్లా బరువు. లాగుతుంటే గోళ్లు విరిగాయి. ఎవరో "సరుకు లెక్క చూసేవాళ్లొస్తున్నారా?" అని అడిగారు, అవునన్నాను. షట్టర్ తుప్పు పట్టి మోకాలెత్తు లేచి ఆగిపోయింది. ముగ్గురం కలిసి భుజాలు పెట్టి తోస్తే నడుమెత్తు లేచింది. అదే చాలు అనిపించింది.

అప్పటికి వాసన తెలిసింది. కాలిన ప్లాస్టిక్కు, ఇంకా ఏదో చేపలాంటి నీచు వాసన. ఒకావిడ ముక్కు మూసుకుంది. ఇంకొకావిడ లేచి నిలబడి, "ఎక్కడో కాలుతోంది," అంది. ఆ మాట షెడ్డంతా పాకింది. మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. జనం అలవాటు కొద్దీ ముందు తలుపువైపు నడవబోయారు. అదే బోర్డు వైపు.

"అటు కాదు! వెనక్కి! వంగి పొండి!"

పెద్దమ్మ అంత గొంతు ఎత్తగలదని మాకెవరికీ తెలియదు. అందరూ గిరుక్కున తిరిగారు. తోసుకోలేదు. ఆ భయంలో ఎందుకు తోసుకోలేదో నాకిప్పటికీ ఆశ్చర్యమే. వంగి ఒక్కొక్కరే షట్టర్ కిందనుంచి ఎండలోకి జారుకున్నారు.

అమ్మ మాత్రం మిషను దగ్గరే ఉంది. చేతిలో సగం కుట్టిన కాలరు.

"ఇదొక్కటీ తెంపుకుని వస్తా అక్కా."

"లేవే!"

పెద్దమ్మ అమ్మ రెక్క పట్టుకుని కుర్చీలోంచి ఈడ్చింది. కుర్చీ పడిపోయింది. అమ్మకు మోచెయ్యి గీసుకుని నెత్తురొచ్చింది. ఇద్దరూ షట్టర్ దాకా ఎలా వచ్చారో అమ్మకు గుర్తులేదట. నేను అమ్మను కావిలించుకున్నాను. అమ్మ వెనక్కి తిరిగేసరికి పెద్దమ్మ పక్కన లేదు. షెడ్డు చుట్టూ తిరిగి ఇన్వర్టర్ల గోడవైపు పరిగెడుతోంది.

ఆ వేడెక్కిన బోర్డును ముట్టుకోకుండానే దానికి వచ్చే దారులన్నీ మూసెయ్యాలన్నది ఆవిడ ఆలోచన. ఇన్వర్టర్ల కింద వాటి స్విచ్చులున్నాయి. రెండూ దించింది. పైకప్పు పలకల నుంచి వచ్చే స్విచ్చులు కూడా దించింది. ఎండ ఉన్నంతసేపూ పలకల తీగల్లో కరెంటు ఉంటూనే ఉంటుంది గనక ఆ తీగల జోలికి పోలేదు. తర్వాత వీధివైపు మీటరు పెట్టె దగ్గరికి వెళ్లి బయటి కరెంటు ఆపేసింది. తాళం వేసి చెవి జేబులో వేసుకుంది. మొదటి ఇన్వర్టర్, రెండో ఇన్వర్టర్, వీధి. మూడు దారులు. మూడూ మూసుకున్నాయి.

వెనక షట్టర్ కింద వంగి లోపలికి వెళ్లింది. నేను బయట వంగి చూస్తున్నాను. ఖాళీ షెడ్డు. సగం కుట్టిన చొక్కాలు మిషన్ల మీద వేలాడుతున్నాయి. బోర్డు పై అంచు నుంచి సన్నగా పొగ పోగు లేస్తోంది. పెద్దమ్మ మంటలార్పే ఎర్ర సిలిండర్ ఒక చేత్తో, స్క్రూడ్రైవర్ రెండో చేత్తో పట్టుకుని నడుస్తోంది.

అప్పుడు షెడ్డు పక్కన ఏదో దగ్గింది. ఒకసారి, రెండోసారి, ఆ తర్వాత గడగడా పట్టుకుంది. జనరేటర్.

ఆ జనరేటర్ పెద్దమ్మకు తెలుసు. కానీ ఆవిడకు తెలిసినంతవరకూ దాన్ని చేత్తో తాడు లాగి వెయ్యాలి, పెద్ద హ్యాండిల్ తిప్పి బోర్డుకు కలపాలి. కిందటి నెలలో ఓనరు ఎవరి చేతనో కరెంటు పోగానే తనంతట తనే లేచేలా పెట్టించాడు. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఇస్త్రీ విభాగం మీద ఫ్యాన్లు మళ్లీ తిరగడం మొదలుపెట్టాయి. అంటే బోర్డు మళ్లీ బతికింది.

పెద్దమ్మ బోర్డుకు రెండడుగుల దూరంలో నిలబడిపోయింది. చెయ్యి సగం లేచి ఉంది. నేను అరుద్దామనుకున్నాను. నోరు తెరుచుకుంది గానీ గొంతులోంచి ఏమీ రాలేదు. మామయ్య సంగతి చెప్పినప్పుడల్లా నాకు అర్థం కానిది అప్పుడు అర్థమైంది.

ఆవిడ వెనక్కి నడిచింది. తిరగలేదు, బోర్డు మీదనుంచి చూపు తిప్పకుండా ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ వచ్చింది. షట్టర్ దగ్గరికి వచ్చాక కూలబడింది.

"బాబాయ్! దాన్ని ఆపు! నూనె గొట్టం మూసెయ్!"

ఇస్త్రీ బాబాయి పరిగెత్తాడు. ఇంజను నాలుగుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగింది. పెద్దమ్మ జనరేటర్ బ్యాటరీ తీగ పీకించింది. ఆ తర్వాత పావుగంట అలాగే కూర్చుంది. పొగ పెరగలేదు. తగ్గింది. ఆవిడ నా చేతిలో నీళ్ల సీసా తీసుకుని తాగింది.

"ఇంకేమైనా దారులున్నాయా?" అంది ఎవర్నో అడిగినట్టు. "చెప్పండర్రా. ఇంకేమైనా ఉన్నాయా?"

ఎవరికీ తెలియదు.

టెస్టర్ నాలుగు చోట్ల పెట్టి చూసి, దాన్ని వీధి అవతల దుకాణంలో పెట్టి అది పనిచేస్తోందని చూసి, మళ్లీ వచ్చి నాలుగు చోట్లా పెట్టి చూసి, అప్పుడు విప్పింది. ఎవరూ నవ్వలేదు. టీ ఎవరూ తేలేదు.

రాగి పట్టీ పైభాగం ఊదారంగుకు తిరిగింది. దాన్ని పట్టుకుని ఉన్న తెల్ల ప్లాస్టిక్ దిమ్మ మాడిన అట్టముక్కలా గోధుమరంగైపోయి, నిలువునా పగిలింది. రోజూ మధ్యాహ్నం వేడెక్కడం, సాయంత్రం చల్లబడటం, రెండేళ్లు అదే పని. దాంతో స్క్రూలు వదులైపోయాయి. ఒకదాన్ని వేలితో తాకితేనే తిరిగింది. పక్క తీగ తొడుగు కరిగి, రాగి బయటపడి, ఇనప తలుపుకు వేలెడు దూరంలో ఉంది.

ఓనరు అప్పుడు వచ్చాడు. కారు దిగి పరిగెత్తుకుంటూ. జనమంతా ఎండలో నిలబడి ఉండటం చూసి ఆయనకు ముచ్చెమటలు పోశాయి. బోర్డు చూశాడు. చాలాసేపు చూశాడు. చెడ్డవాడు కాదు. చేతిరుమాలుతో ముఖం తుడుచుకుని, పెద్దమ్మకు ఒక దారి చూపించాడు.

"పాత బోర్డు కదమ్మా. అదే పోయుంటుంది. ఇదివరకటివాళ్లు నాసిరకం పెట్టారు."

అవును అంటే అక్కడితో అయిపోయేది. పెద్దమ్మ నాతో తర్వాత అంది, పొగ చూసినప్పటి భయం వేరు, ఆ మాట విన్నప్పటి భయం వేరు అని. పొగ చూసినప్పుడు ఏం చెయ్యాలో చేతులకు తెలుసట. ఇప్పుడు నాలుక మడతపడిపోయిందట. సంతకం, పేరు, ముప్పై ఏళ్ల పని, అన్నీ ఆ ఒక్క మాటకు వేలాడుతున్నాయి. చుట్టూ నలభై మంది చూస్తున్నారు. అమ్మ మోచేతికి గుడ్డ చుట్టుకుని ముందువరసలో ఉంది.

"బోర్డు తప్పు కాదు సార్," అంది పెద్దమ్మ. "నాది. రెండోది కలిపినప్పుడు వచ్చే దారులన్నీ కలిపి లెక్క వెయ్యాలి. వెయ్యలేదు. అనుమానం వచ్చింది, అయినా కలిపాను."

ఇస్త్రీ బాబాయి తల దించుకున్నాడు. అమ్మ నెమ్మదిగా ముందుకొచ్చింది.

"నా పక్కనే పెట్టావు కదే," అంది. "రెండేళ్లు దాని పక్కనే కూర్చున్నాను. నా పక్కనే పెట్టావు."

అంతే. ఆ తర్వాత పదిహేను రోజులు అమ్మ పెద్దమ్మతో మాట్లాడలేదు. రెండు వీధుల అవతలే ఉండేది పెద్దమ్మ. ఫోను మోగితే అమ్మ నాకు ఇచ్చేసేది. నేను మాట్లాడుతుంటే మాత్రం వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది.

ఆ పదిహేను రోజులూ పెద్దమ్మ నిద్రపోలేదు. అదే సంగతి ఇంకెక్కడైనా చేశానా అని పాత డైరీలన్నీ తిరగేసింది. రెండు చోట్లు దొరికాయి. ఒకటి పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఇంకోటి అచ్చాఫీసు. అప్పట్నుంచి పగలు ఎండ కాస్తే ఆవిడకు ముద్ద దిగేది కాదు. పొద్దున్నే కిటికీలోంచి ఆకాశం చూసేది. మబ్బు పడితే ప్రాణం లేచొచ్చేది. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా దూరంగా ఫైరింజను గంట వినిపించినా, అది ఏ వైపు పోతోందో చూడటానికి వీధిలోకి వచ్చి నిలబడేది.

పసిపిల్లల చోటికి మర్నాడే వెళ్లింది. పిల్లలు చాపల మీద వరసగా పడుకుని ఉన్నారట. వాళ్ల మధ్యనుంచి అడుగు తీసి అడుగు వేసి బోర్డు దగ్గరికి వెళ్లి చూస్తే, అక్కడ వాడకం తక్కువ, పట్టీలు చల్లగా ఉన్నాయి. అయినా ఇన్వర్టర్ ఆపేసి, బోర్డు మార్చేదాకా వెయ్యొద్దని రాసిచ్చి వచ్చింది. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చిందట. అది నాకు అక్కడి ఆయా చెప్పింది.

అచ్చాఫీసు ఆయన మాత్రం లోపలికి రానివ్వలేదు.

"ఏమైనా పాడైందా? లేదే! రెండేళ్లుగా మెయిన్ ఒక్కసారి కూడా పడలేదు."

"అదేనండీ నా భయం."

"మీకు అన్నిటికీ భయమే. మీ పేరే అది కదా."

రెండోసారి వెళ్లింది. మూడోసారి నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. గేటు బయటే నిలబెట్టాడు. లోపల మిషన్లు తిరుగుతున్నాయి, కాగితపు రీములు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. గేటు ఇనుము ఎండకు కాలిపోతోంది. పెద్దమ్మ ఆ చువ్వలు పట్టుకుని నిలబడి, వదల్లేదు.

"ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్తే నీ లైసెన్సు పోతుంది పెద్దమ్మా," అన్నాను తిరిగొస్తూ.

"తెలుసు."

"మరి?"

"నువ్వే చెప్పు, ఏం చెయ్యను?"

ఆ మధ్యాహ్నమే ఆవిడ విద్యుత్ తనిఖీ కార్యాలయానికి వెళ్లి, మూడు చోట్ల తను చేసిన పని తన చేత్తో రాసి, కింద సంతకం పెట్టింది. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు చదివి, "మీ మీద మీరే ఫిర్యాదు ఇచ్చుకుంటున్నారా?" అన్నాడట. మర్నాడు అచ్చాఫీసులో కరెంటు ఆపి బోర్డు విప్పారు. పట్టీ రంగు మారింది. దిమ్మ ఇంకా పగల్లేదు. ఎన్నాళ్లు ఆగేదో ఎవరూ చెప్పలేరు. అచ్చాఫీసు ఆయన ఆ తర్వాత ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. తనిఖీ ఆఫీసువాళ్లు పెద్దమ్మ లైసెన్సు ఆరునెలలు ఆపేశారు.

మా యూనిట్లో కొత్త ఏర్పాటు పెద్దమ్మ గీసిన పటం ప్రకారమే జరిగింది. సంతకం మాత్రం వేరే మేస్త్రిది. మూడు ఇన్వర్టర్లూ మొదట బయటి గోడ మీద ఒక వేరే పెట్టెలో కలుస్తాయి. ఆ పెట్టెకు ఒకటే పెద్ద స్విచ్చు, తాళం వేసుకోవచ్చు. అక్కడి నుంచి ఒకటే దారి కొత్త బోర్డులోకి. కొత్త పట్టీలు రెండు వందల యాభై ఆంప్స్‌వి. వీధి నుంచి ఎంత రాగలదు, సోలార్ పెట్టె నుంచి ఎంత రాగలదు అన్నది కలిపినా ఇంకా మిగులుంటుంది. వీధి దారి పైన, సోలార్ దారి కింది కొసన. జనరేటర్ వస్తే సోలార్ దారి దానంతట అదే విడిపోయేలా పెట్టారు. తలుపు మీద ఎర్ర అక్షరాలతో దారులన్నీ రాశారు, ఎక్కడెక్కడ ఆపాలో కూడా. బోర్డును తలుపు దగ్గర్నుంచి తీసి ఎదురు గోడకు మార్చారు. షట్టర్‌కు నూనె వేశారు.

మొదటిసారి వేసేరోజు కూడా ఎండ మండిపోతోంది. ఎండలోనే వెయ్యాలని పెద్దమ్మ పట్టుబట్టింది, అసలు బరువు అప్పుడే తెలుస్తుందని. అందర్నీ బయట నిలబెట్టింది. ఓనరు గడియారం చూసుకున్నాడు. కొత్త మేస్త్రి ఒక్కొక్క ఇన్వర్టర్నే వేస్తుంటే, పెద్దమ్మ మీటరు పట్టుకుని బోర్డు ముందు నిలబడింది. పన్నెండు ఇస్త్రీ పెట్టెలూ వేయించింది. అరగంట. ఆవిడ మెడ వెనక చెమట ధారలుగా కారుతోంది. నేను బయట నుంచి చూస్తూ లోపల్లోపల అంకెలు లెక్కపెట్టుకుంటున్నాను, ఎందుకో తెలియకుండానే.

అప్పుడు నా పక్కనున్న అమ్మ కదిలింది. ఎవర్నీ అడక్కుండా లోపలికి నడిచింది.

"బయట ఉండమన్నానా!" అంది పెద్దమ్మ, తల తిప్పకుండానే.

"నువ్వు లోపల ఉన్నావుగా," అంది అమ్మ.

తన మిషను ఇప్పుడు బోర్డుకు చాలా దూరంగా ఉంది. అమ్మ దాని దగ్గరికి వెళ్లలేదు. ఒక స్టూలు లాక్కుని పెద్దమ్మ పక్కన కూర్చుంది. గంట గడిచాక పెద్దమ్మ చెయ్యి ఊపితే మేమంతా లోపలికి వెళ్లాం. మిషన్లు మొదలయ్యాయి. ప్రతి చిన్న చప్పుడుకూ పదిమంది తలలు బోర్డువైపు తిరిగేవి. ఆ అలవాటు పోవడానికి చాలా నెలలు పట్టింది. కొందరికి ఇంకా పోలేదు.

పెద్దమ్మ ఆ రోజంతా అక్కడే ఉంది. గంటకోసారి లేచి బోర్డు వేడి చూసి, కాగితం మీద రాసుకుంది. ఎండ దిగి, షెడ్డు రేకులు చల్లబడి టకటకమంటుండగా, కాగితం ఒళ్లోనే పెట్టుకుని గోడకు ఆనుకుని నిద్రపోయింది. పదిహేను రోజుల నిద్ర. సాయంత్రం గంట కొట్టినా లేవలేదు. అందరూ వెళ్లిపోయారు. నేను లేపబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీవే," అంది. మిషను దగ్గరికి వెళ్లి, చప్పుడు కాకుండా చేత్తోనే ఏదో కాలరు కుట్టుకుంటూ కూర్చుంది.